నా వేలు చూసిన దేవదానమ్మ సిస్టరు

పోయిన వారం మా అంగన్‌వాడీ కేంద్రానికి సున్నం కొట్టించారు. కుప్పంలో ఎండలు ముదరకముందే పని కానిద్దామని కూలీలు పొద్దున్నే వచ్చి, పాత డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశారు. డ్రమ్ము బుసబుసా పొంగింది. ఆ వేడి ఆవిరి ముక్కుకు తగిలేసరికి నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే పైటకొంగులోకి దూరింది. మా ఆయా అది చూసి, టీచరమ్మకు సున్నమంటే భయమని కూలీలకు చెప్పి నవ్వింది. ఆమెకు ఏమని చెప్పను? ఆ వాసన వస్తే నాకు మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి, అందులో కాన్పుల వార్డు పక్కనున్న చిన్న పరీక్ష గది, ఆ గది కిటికీ వెలుతురులో నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసిన దేవదానమ్మ సిస్టరు గుర్తుకొస్తారు. అది జరిగి పన్నెండేళ్లు దాటింది.

ఆవిడను మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి, నడక మాత్రం వేగం. గుర్రంకొండ దగ్గర ఏదో పల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదివి, అదే ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, అక్కడే కాన్పులు చేస్తూ తల నెరిపించుకున్న మనిషి. ప్రతి కాన్పుకు ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. మధ్యలో ఆపి, ఆ బేసిను ఈడ పెట్టిందెవరని కసిరి, మళ్లీ ఆపిన చోటినుంచే ప్రార్థన అందుకునేవారు. దేవుడు ఆవిడకు అలవాటుపడిపోయి ఉంటాడని మేం నవ్వుకునేవాళ్లం. ఆవిడ తిట్టని గర్భిణి ఆ వార్డులో లేదు. ఆవిడ చేతుల్లో కాకుండా వేరే చోట కంటానన్న గర్భిణి కూడా నాకు కనబడలేదు.

నా పుట్టిల్లు సోమల, మెట్టినిల్లు పుంగనూరు. తొంభైల చివర్లో పెళ్లయ్యేనాటికి నాకు ఇరవై ఏళ్లు. మా ఆయన రెడ్డెప్ప టమాటా లారీ నడిపేవాడు. మదనపల్లె మార్కెట్లో లోడెత్తుకుని మద్రాసుకు పోయి, దించి, మూడో రోజుకు ఇల్లు చేరేవాడు. రెండో ఏట కడుపు నిలిచింది. ఐదో నెలలో ఒకరోజు స్నానం చేస్తుంటే కింద చేతికి గరుకుగా ఏదో తగిలింది. రెండు మూడు గింజల్లాంటివి. పదిహేను రోజులు తిరిగేసరికి అవి గుత్తిగా పెరిగి కోడిజుట్టు లాగా అయ్యాయి. తలుపు గడియ పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. పులిపిర్లు. చేతి మీదా మెడ మీదా వచ్చేవి అక్కడ కూడా వస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే మాట కూడా కాదు కదా.

మా వైపు పులిపిరికి ఆసుపత్రికి పోయేవాళ్లు లేరు. తాంబూలం సున్నంలో బట్టల సోడా కలిపి అగ్గిపుల్ల మొనతో పెడితే నాలుగు రోజుల్లో మాడి రాలిపోతుంది. మా నాయన మెడ మీదిది మా అమ్మ అట్లాగే రాల్చింది, చిన్నప్పుడు నా మోచేతి మీదిది కూడా. కాబట్టి నేను పెద్దగా ఆలోచించలేదు. అత్త గుడికి పోయిన సమయం చూసుకుని సున్నమూ సోడా కలిపాను. కనబడని చోట అగ్గిపుల్లతో పెట్టడం కుదరక వేలితోనే పూసేశాను. ఆ తెలివి నాదే, ఇంకెవరినీ అనడానికి లేదు. మొదటి రోజు చురుక్కుమంది. మందు పని చేస్తోందని సంతోషపడి రెండో రోజు, మూడో రోజు కూడా పూశాను. నాలుగో రోజుకు కూర్చోలేను, నిలబడలేను. పులిపిర్లు సగం అట్లాగే ఉన్నాయి, చుట్టూ మాత్రం పుండ్లు పడ్డాయి.

నా నడక చూసి అత్త ఊర్లోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చూశాడు, ముఖం చిట్లించాడు, నీ మొగుడేం చేస్తాడని అడిగాడు. లారీ డ్రైవరని చెప్పాను. ఆ రోజుల్లో ఏ గోడ మీద చూసినా ఎయిడ్సు బొమ్మలే, ఆ బొమ్మల పక్కన ఒక లారీ. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇది చెడ్డ రోగమనీ, బిడ్డకు కూడా అంటుకుంటుందనీ, కడుపు ఉంచుకోవడమో మానడమో మీ ఇష్టమనీ, వాకిట్లో నిలబడ్డ అత్తకు వినబడేట్టు చెప్పాడు. సున్నం సంగతి నేను చెప్పలేదు. చదువుకున్న మనిషి ముందు ఆ మాట ఎత్తడానికి నామోషీ. ఆ ఒక్క మాట మింగినందుకు మా ఇంట్లో వారం రోజులు పొయ్యి సరిగా వెలగలేదు.

అత్త నా గ్లాసూ కంచం వేరు చేసింది. చేస్తూనే, నా కొడుకు బంగారమని ఏడ్చింది. మా ఆయన మద్రాసు నుంచి వచ్చి విషయం విని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నా తల మీద చెయ్యి పెట్టి, నేనేం తప్పు చేయలేదని ప్రమాణం చేశాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. సోమల నుంచి మా అమ్మ వచ్చింది. అందరూ లేని సమయం చూసి, ఈ కడుపు వద్దనుకుందామా అని నన్ను మెల్లిగా అడిగింది. అప్పుడే బిడ్డ కదలడం మొదలుపెట్టింది. లోపల చిన్నగా తన్నినప్పుడల్లా నాకు సంతోషం రావాల్సిన చోట దిగులు వచ్చేది. ఎవరు తప్పు చేసినా చేయకపోయినా, ఆ బిడ్డను దక్కించుకోవాలా వద్దా అన్నదే నాకు మిగిలిన ప్రశ్న. చివరికి మా అమ్మే, ఏ నిర్ణయమైనా మిషన్ ఆసుపత్రిలో ఒకసారి చూపించాకే అంది. నలుగురం మదనపల్లె బస్సెక్కాం. ఒకే బస్సులో నలుగురం నాలుగు సీట్లలో కూర్చున్నాం.

దేవదానమ్మ సిస్టరు మిగతా ముగ్గురినీ బయట బల్ల మీద కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి తీసుకుపోయారు. పడుకోబెట్టి చూశారు. చాలాసేపు చూశారు. నేను కళ్లు మూసుకుని, ఇప్పుడు మొగుడి పని అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ఎదురుచూస్తున్నాను. ఆవిడ నా చెయ్యి అడిగారు. కుడిచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి జరిపి, చూపుడువేలు కొస తిప్పి తిప్పి చూశారు. అక్కడ తోలు ఎండిపోయి పొరలు పొరలుగా లేచి ఉంది. ఆ సంగతి అప్పటిదాకా నాకే పట్టలేదు.

"ఏం పూసినావమ్మా ఆడ?"

"ఏం లేదు సిస్టరు."

"ఏం లేకనే వేలి తోలు ఇట్ల లేసిపోయిందా? సున్నమా?"

తల ఊపాను.

"సోడా కూడానా?"

దానికీ తల ఊపాను. ఇక తిట్లు తినాల్సిందే అనుకున్నాను. ఆవిడ నా చెయ్యి వదలకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఆ పుండ్లు రోగం కాదు తల్లీ, సున్నం కాల్పు. వారంలో మానిపోతాది. రోగం ఆ పులిపిర్లే. కడుపుతో ఉన్నోళ్లకు అవి బిర్రన పెరుగుతాయి. నాకు నెలకొకరు కనపడతానే ఉంటారు" అన్నారు. నాకు వినబడింది ఆఖరి మాట ఒక్కటే. నెలకొకరు. ఈ భూమ్మీద ఇది నాకొక్కదానికే వచ్చిందని నేను అనుకుంటున్నాను. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, అదే బల్ల మీద పడుకుని పోతున్నారు. నాకు ఏడుపు వచ్చింది. వారం రోజుల్లో మొదటిసారి, భయం లేకుండా ఏడ్చాను.

డాక్టరమ్మ వచ్చి చూసి అదే మాట చెప్పారు. అనుమానం ఎందుకని నాకూ మా ఆయనకూ రక్తపరీక్షలు రాశారు. వాటిలో ఏ దోషమూ లేదని తర్వాతి వారం తేలింది. కానీ ఆ కాగితాలకంటే ముందే, ఆ రోజే, సిస్టరు బయటి ముగ్గురినీ లోపలికి పిలిచారు. నాకు చెప్పిందంతా వాళ్లకూ చెప్పారు. సున్నం మాట వినగానే మా అమ్మ తలదించుకుంది. ఆ వైద్యం నేర్పింది తనే కదా. మా అత్త మాత్రం అసలు సంగతి వదల్లేదు. ఈ పులిపిర్లు ఎవరి నుంచి వచ్చాయో చెప్పమంది. మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఆ మాట యా డాక్టరూ సెప్పలేడమ్మా" అన్నారు సిస్టరు. "ఇది ఒంట్లో జొరబడి ఏండ్ల తరబడి కనపడకుండా దాక్కుంటాది. ఎప్పుడొచ్చిందో, ముందు ఎవరి ఒంట్లో ఉండిందో తెలిసేకి దావ లేదు. ఇప్పుడు బిడ్డను మోస్తాండాది గనక తల ఎత్తింది. ఇంట్లో కొట్లాడుకునేకి ఇది పనికిరాదు. మందు పెట్టేకి మాత్రం పనికొస్తాది, దాన్ని సూద్దాం."

ఆ మాటతో మా ఆయన ఏ తప్పూ చేయలేదని రుజువైందని నేను అనను. చేశాడని కూడా రుజువు కాలేదు. ఆ రెండింటి మధ్య ఒక కాపురం నిలబడేంత చోటు ఆవిడ చేసిపెట్టారు. మేం ఇద్దరం ఇన్నేళ్లుగా అందులోనే ఉన్నాం, ఇరుకనిపించలేదు.

ఇక బిడ్డ సంగతి నేనే అడిగాను. బిడ్డకు వస్తుందా అని. రాదని ఆవిడ ఒట్టు పెడితే ఎంత బాగుండునో అనుకున్నాను. ఆవిడ పెట్టలేదు. చాలామంది బిడ్డలకు ఏమీ కాదన్నారు. ఎక్కడో ఒక బిడ్డకు గొంతులో ఇట్లాంటివే మొలుస్తాయనీ, అప్పుడు గొంతు బొంగురు పోతుందనీ, అది చాలా అరుదనీ, వచ్చినా చూసే డాక్టర్లున్నారనీ చెప్పారు. "దానికి భయపడి కడుపు తీయించుకునేది లేదు. ఆపరేషన్ కూడా ఊరికే సేయరు. బిడ్డ వచ్చే దావకు అడ్డమొస్తేనే" అన్నారు. అబద్ధపు ధైర్యం చెప్పకపోవడం వల్లనేమో, ఆవిడ చెప్పిన మిగతా ప్రతి మాటా నేను నమ్మాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన నా పక్కన కూర్చున్నాడు. అత్త వెనక సీట్లోంచి అరటిపండు తీసి ఇచ్చింది. ఇంటికి పోయాక నా గ్లాసు మళ్లీ వాళ్ల గ్లాసుల్లో కలిసిపోయింది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పుండ్లు మానాక వారం విడిచి వారం మదనపల్లె పోయేదాన్ని. డాక్టరమ్మ పుల్లకు దూది చుట్టి పులిపిర్ల మీద ఏదో ఆసిడ్ చుక్క అద్దేవారు. దుకాణాల్లో గోధుమరంగు పూత మందు ఒకటి దొరుకుతుందనీ, కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదనీ సిస్టరు ప్రతిసారీ హెచ్చరించేవారు. సున్నం పూసుకున్న మనిషి ఏదైనా పూసుకోగలదని ఆవిడ అభిప్రాయం. ఆవిడకొక పద్ధతి ఉండేది. మందు పెట్టే ముందు చిన్న అద్దం నా చేతికిచ్చి, పోయినసారికంటే తగ్గాయో పెరిగాయో నన్నే చూసి చెప్పమనేవారు. నాకు సిగ్గుతో చెమటలు పట్టేవి. "నీ ఒళ్లు నాకు తెలిసి నీకు తెలీకపోతే ఎట్లమ్మా" అనేవారు. నాలుగోసారికి నేనే అద్దం అడిగి తీసుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసులో, కడుపులో బిడ్డను పెట్టుకుని, నా ఒంటిని నేను మొదటిసారి భయం లేకుండా చూసుకున్నాను.

తొమ్మిదో నెలకు ఒక గుత్తి మిగిలే ఉంది. దారికి అడ్డం లేదు, మామూలు కాన్పే అన్నారు డాక్టరమ్మ. పగలు పదకొండింటికి పాప పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. సిస్టరు చెయ్యెత్తి గదిలో అందరినీ మాట్లాడకుండా ఆపారు. తల ఒక పక్కకు వంచి ఆ ఏడుపు విన్నారు. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. "గొంతు బాగుండాది. ఈ పిల్ల టమాటా మార్కెట్లో వేలం పాడతాది సూడు" అన్నారు. నాకు ఆ రోజు కలిగిన సంతోషం లాంటిది మళ్లీ కలగలేదు. ఒంట్లో ఎముకలన్నీ వదులైపోయినట్టు, మంచానికి అతుక్కుపోయి నవ్వుతూ పడుకున్నాను. పాపకు దీప అని పేరు పెట్టాం. మూడో నెల వచ్చేసరికి నా పులిపిర్లు మందు లేకుండానే వాటంతటవే మాయమయ్యాయి. వాటి వెనకున్న వైరస్‌కు హెచ్‌పీవీ అని పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరాక తెలిసింది.

ఇంటికి పంపేటప్పుడు సిస్టరు రెండు మాటలు చెప్పారు. జలుబు లేకుండా పాప గొంతు బొంగురు పోతే తీసుకురమ్మన్నారు. పాపకు ఏమున్నా లేకున్నా నువ్వు మాత్రం ఏడాదికొకసారి గర్భసంచి ముఖద్వారం పరీక్షకు రావాలన్నారు. మొదటిది నా మనసులో నాటుకుంది. రెండోది ఆసుపత్రి గేటు దాటేలోగా మర్చిపోయాను.

మా ఆయన లారీ మానేసి కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో డ్రైవరుగా చేరాడు. బస్టాండుకు దగ్గర్లో ఇల్లు. పదో తరగతి పాసయిన పుణ్యాన నాకు అంగన్‌వాడీలో పని దొరికింది. ఇన్ని మారినా నా చెవులు మాత్రం దీప గొంతు మీదే ఉండేవి. అది నవ్వితే వినేదాన్ని, ఏడిస్తే ఇంకా శ్రద్ధగా వినేదాన్ని. పక్కింటివాళ్లను పిలిచి, దీని గొంతు మీకెట్లా ఉందని అడిగేదాన్ని. వాళ్లు నన్ను కొంచెం తేడా మనిషి కింద జమకట్టారు. దీపకు నాలుగేళ్లు నిండాక నిజంగానే గొంతు బొంగురు పోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. పది రోజులు చూశాను. పదకొండో రోజు పొద్దున మొదటి బస్సుకే దాన్ని చంకనేసుకుని మదనపల్లె పోయాను. దారి పొడుగునా సున్నం కలిపిన నా చేతుల్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ రెండింటికీ సంబంధం లేదని తెలిసినా తిట్టుకున్నాను.

సిస్టరు మమ్మల్ని గొంతు డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకుపోయారు. ఆయన గొట్టం పెట్టి చూసి, లోపల ఏమీ మొలవలేదనీ, అరిచి అరిచి గొంతు వాచిందనీ చెప్పాడు. ఏమరుస్తావు పాపా అని సిస్టరు అడిగితే, దీప ఆ బొంగురు గొంతుతోనే, "పలమనేరూ, పలమనేరూ, వీకోటా" అని కండక్టరు కేక అచ్చు గుద్దినట్టు వినిపించింది. రోజంతా మా అరుగు మీద నిలబడి అది చేసే పని అదే. డాక్టరు నవ్వాడు, నేను నవ్వుతూ ఏడ్చాను. సిస్టరు మాత్రం నవ్వలేదు. నన్ను వరండాలోకి పిలిచారు.

"బిడ్డ గొంతు వింటానే ఉండావు నాలుగేండ్లుగా. మంచిదే. నీ పరీక్ష యాడ?"

నాకేం బాధ లేదు, అన్నీ పోయాయి కదా అన్నాను.

"పైన పోయినాయి. లోపల ఏం జరగతాండాదో నువ్వు సూసినావా? రేపు నువ్వు లేకుంటే ఆ పిల్ల పలమనేరని అరిసేది ఎవరు వింటారు?"

ఆవిడ ఎన్నోసార్లు కసరడం చూశాను. ఆ రోజు గొంతులో ఉన్నది కసురు కాదు. ఆ రోజే పరీక్ష చేశారు. అందులో చిన్న తేడా కనిపించింది. క్యాన్సరు కాదనీ, వదిలేస్తే ఏళ్ల తర్వాత అటు తిరగొచ్చనీ డాక్టరమ్మ చెప్పారు. పెద్ద డాక్టర్లున్న చోటికి పంపి ఆ భాగాన్ని మంచుకంటే చల్లటి యంత్రంతో గడ్డకట్టించి మాడ్పించారు. అరగంట పని. ఆరు నెలలకు చేసిన పరీక్షలో ఏమీ లేదు. ఆ తర్వాత చేసిన ప్రతి పరీక్షలోనూ ఏమీ లేదు. నాలుగేళ్లు నేను బిడ్డకు కాపలా కాశాను, నాకు కాపలా కాసింది ఆవిడ.

సిస్టరు రిటైరై గుర్రంకొండ వైపు వెళ్లిపోయారు. ఒకసారి పోయి చూసి రావాలని ప్రతి ఎండాకాలం అనుకున్నాను. ఆవిడ చనిపోయిన సంగతి, పోయిన మూడు నెలలకు, నా ఏడాది పరీక్షకు వెళ్లినప్పుడు కొత్త నర్సు చెప్పింది. పరీక్ష గది బల్ల మీద కూర్చుని ఆ మాట విన్నాను. ఎంతో బాధపడ్డాను. లేచిపోకుండా పరీక్ష చేయించుకునే వచ్చాను, ఆవిడకు నేను చేయగలిగిన మర్యాద అదొక్కటే.

పోయిన శుక్రవారం పెద్దపంజాణి నుంచి కుప్పానికి కోడలుగా వచ్చిన ఒక అమ్మాయి పౌష్టికాహారం కోసం మా కేంద్రానికి వచ్చింది. ఆరో నెల. మిగతా ఆడవాళ్లంతా వెళ్లిపోయినా తను వెళ్లలేదు. చాలాసేపు కొంగు నలిపి, కింద ఏవో మొలిచాయనీ, ఇంట్లో తెలిస్తే బతకననీ, బిడ్డ మీద ఆశ వదిలేసుకున్నాననీ చెప్పింది. సిస్టరు నాకు చెప్పినవన్నీ వరుసగా చెప్పాను. ఇది చాలామందికి వస్తుంది, మందుంది, బిడ్డకు చాలావరకు ఏమీ కాదు అని. అమ్మాయి తల ఊపుతోంది గానీ ఒక్క మాటా లోపలికి పోవడం లేదు. దేవదానమ్మ సిస్టరు దగ్గర లేని మాట ఒకటి నా దగ్గర ఉందని అప్పుడు తట్టింది. పన్నెండేళ్లుగా అది నేను ఎవరికీ చెప్పలేదు, పక్కింటివాళ్లకు కాదు, సొంత అక్కచెల్లెళ్లకు కాదు.

"నాకూ వచ్చినాయి" అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. మీకా అంది. నాకే అన్నాను. మరి బిడ్డ అంది. బడి వదిలాక వచ్చిన దీప ఆవరణలో చిన్నపిల్లల్ని వరసలో నిలబెట్టి, గొంతు చించుకుని గద్దిస్తోంది. అదిగో, ఆ అరుస్తున్నదే అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు దీపనే చూస్తూ వింది. తర్వాత రెండు చేతులూ తెచ్చి కడుపు మీద పెట్టుకుని, మదనపల్లె బస్సు ఎన్ని గంటలకని అడిగింది.